యూనివర్సిటీ మారితే ఏపీ క్రెడిట్లు వెంట వస్తాయా? అమెరికాలో మన పిల్లల లెక్క తప్పేది ఇక్కడే..

ఏపీ అంటే మనకు ఆంధ్రప్రదేశ్. కానీ డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో మే నెల వచ్చిందంటే ఆ మాటకు అర్థం మారిపోతుంది. అక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి సబ్జెక్టు చదివి, కాలేజ్ బోర్డ్ అనే సంస్థ పెట్టే పరీక్ష రాయాలి. 5కి 3 గానీ, 4 గానీ, 5 గానీ వస్తే, కాలేజీలో ఆ కోర్సు చదవకుండానే క్రెడిట్ దక్కే అవకాశం ఉంటుంది. ఒక్కో పరీక్షకు ఫీజు దాదాపు 100 డాలర్లు. అదే కోర్సు కాలేజీలో చదివితే ఖర్చు చాలాచోట్ల వేలల్లో ఉంటుంది. అందుకే ఐదారు పరీక్షలతో ఆగకుండా పది దాకా రాసే పిల్లలూ ఉన్నారు.

జులైలో స్కోర్లు వస్తాయి. వాట్సాప్ గ్రూపుల్లో లెక్కలు మొదలవుతాయి. మా వాడికి 30 క్రెడిట్లు వచ్చేశాయి, ఒక ఏడాది ఫీజు మిగిలినట్టే అని సంబరం. డిగ్రీకి మామూలుగా కావాల్సింది 120 సెమిస్టర్ క్రెడిట్లు కాబట్టి ఆ లెక్క కాగితం మీద కరెక్టే.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. చేరిన చోట కోరుకున్న మేజర్ దొరక్కపోవచ్చు. ఫీజు భారం కావచ్చు. నాన్నకి ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారొచ్చు. కారణం ఏదైనా మధ్యలో యూనివర్సిటీ మారాల్సి వచ్చిందనుకోండి. మరి ఆ 30 క్రెడిట్ల సంగతేంటి?

కదిలేది స్కోరు.. క్రెడిట్ కాదు

చాలామంది పొరపడేది ఇక్కడే. మొదటి యూనివర్సిటీ ఒకసారి క్రెడిట్ ఇచ్చేసింది కదా, ట్రాన్‌స్క్రిప్ట్‌లో కూడా పడింది కదా, ఇక అది మనదే అనుకుంటారు. బ్యాంకులో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారినట్టు అది కూడా మారుతుందని నమ్మకం. అలా జరగదు.

కొత్త యూనివర్సిటీ సాధారణంగా పాత ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్న ఏపీ క్రెడిట్ల వరుసను చూసి ఊరుకుంటుంది. లెక్కలోకి తీసుకోదు. కాలేజ్ బోర్డ్ నుంచి అఫీషియల్ స్కోర్ రిపోర్ట్ నేరుగా తమకే పంపించమంటుంది. అది వచ్చాక తన సొంత పట్టిక తీసి ఈ సబ్జెక్టుకి ఇంత స్కోరు ఉంటే ఇన్ని క్రెడిట్లు అని మొదటి నుంచి లెక్క కడుతుంది. పాత చోట ఎంత ఇచ్చారన్నది వాళ్లకు అనవసరం.

ఇలా ఎందుకంటే.. కాలేజీలో చదివిన కోర్సుకి ఒక టీచర్, ఒక సిలబస్, ఒక గ్రేడ్ ఉంటాయి. ఆ యూనివర్సిటీ దానికి పూచీ పడుతుంది. ఏపీ క్రెడిట్‌కి అవేవీ లేవు. మొదటి యూనివర్సిటీ ఆ సబ్జెక్టు చెప్పలేదు, పరీక్ష పెట్టలేదు, బయటివాళ్లు పెట్టిన పరీక్షలో స్కోరు చూసి మినహాయింపు మాత్రమే ఇచ్చింది. ఒకరు ఇచ్చిన మినహాయింపును ఇంకొకరు ఒప్పుకోవాలన్న రూలు దేశం మొత్తానికి లేదు.

ఇందులో మంచి కూడా లేకపోలేదు. పాత చోట 3 స్కోరుకు ఏమీ ఇవ్వకపోయినా కొత్త చోట ఇవ్వొచ్చు. అంటే ట్రాన్స్‌ఫర్ అయ్యాక క్రెడిట్లు పెరిగినవాళ్లూ ఉంటారు. అందుకే పాత యూనివర్సిటీ పక్కన పెట్టేసిన స్కోర్లను కూడా కొత్త చోటికి పంపించాల్సిందే.

27 క్రెడిట్లు.. చివరికి లెక్కలోకి వచ్చేవి ఎన్ని?

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇది ఊహించిన లెక్కే, కానీ ఇలాగే జరుగుతుంటుంది. టెక్సాస్‌లో ఒక అమ్మాయి ఆరు ఏపీ పరీక్షలు రాసింది. క్యాలిక్యులస్ బీసీలో 5, కంప్యూటర్ సైన్స్ ఏలో 5, ఇంగ్లిష్ లాంగ్వేజ్‌లో 4 వచ్చాయి. ఫిజిక్స్ 1, అమెరికా చరిత్ర, సైకాలజీ.. ఈ మూడింటిలో తలా 3. చేరింది ప్రభుత్వ యూనివర్సిటీలో. క్యాలిక్యులస్‌కి 8, కంప్యూటర్ సైన్స్‌కి 3, ఇంగ్లిష్‌కి 3, ఫిజిక్స్‌కి 4, చరిత్రకి 6, సైకాలజీకి 3 ఇచ్చారనుకుందాం. మొత్తం 27.

ఏడాది తర్వాత వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీకి మారింది. వాళ్ల రూలు 4 లేదా 5 వస్తేనే క్రెడిట్. దాంతో 3 వచ్చిన మూడు సబ్జెక్టులూ పోయాయి. 13 క్రెడిట్లు ఒక్క దెబ్బకి మాయం. మిగిలింది 14.

కథ అక్కడితో అయిపోలేదు. ఇంగ్లిష్‌కి 3 క్రెడిట్లు ఇస్తామన్నారు, కానీ మా దగ్గర మొదటి ఏడాది రైటింగ్ కోర్సు అందరూ చేయాల్సిందే అన్నారు. కంప్యూటర్ సైన్స్‌కీ 3 ఇచ్చారు, కానీ మేజర్ చేసేవాళ్లు మా ఇంట్రో కోర్సు నుంచే మొదలుపెట్టాలన్నారు. ఆ ఆరూ ఎలక్టివ్ బుట్టలో పడ్డాయి. చివరికి డిగ్రీలో ఒక కోర్సు బరువు నిజంగా తగ్గించినవి క్యాలిక్యులస్ క్రెడిట్లు ఎనిమిదే.

కొత్త యూనివర్సిటీ ఈమెయిల్‌లో మాత్రం ఏం ఉంటుందో తెలుసా? మీకు 14 ఏపీ క్రెడిట్లు ఆమోదించాం అని. అబద్ధం కాదు. ఆమోదించడం వేరు, డిగ్రీకి పనికిరావడం వేరు. ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో ఎలక్టివ్‌లకు చోటే తక్కువ. ఆ బుట్ట నిండిపోయాక ఎన్ని క్రెడిట్లున్నా గ్రాడ్యుయేషన్ తేదీ ఒక్క రోజు కూడా ముందుకు జరగదు. ట్రాన్స్‌ఫర్ వ్యవహారం మొత్తంలో పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ ఎక్కువగా ముంచేది ఇదేనని మా అభిప్రాయం. పోయిన క్రెడిట్ కంటికి కనిపిస్తుంది. ఉన్నట్టే ఉండి పనికిరానిది ఆఖరి ఏడాది దాకా తెలియదు.

రాష్ట్రం లోపల మారితే ఒక లెక్క.. బయటికెళ్తే ఇంకో లెక్క

మరి రక్షణ ఏమీ లేదా అంటే, ఉంది. ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఏపీ క్రెడిట్లపై రాష్ట్రవ్యాప్త విధానం ఉంది. కానీ అది ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీలు, యూనివర్సిటీలకే వర్తిస్తుంది.

ఫ్లోరిడా ఈ విషయంలో ముందుంది. ఏ పరీక్షలో ఎంత స్కోరుకు ఏ కోర్సు క్రెడిట్ ఇవ్వాలో రాష్ట్రమే పట్టిక వేసింది. ప్రభుత్వ కాలేజీలన్నింటిలో కోర్సు నంబర్ల పద్ధతి కూడా ఒక్కటే. కాబట్టి మయామీలో వచ్చిన క్రెడిట్‌కి టాలహాసీలో విలువ మారదు. ఏపీ, ఐబీ, క్లెప్ లాంటి పరీక్షలన్నీ కలిపి గరిష్ఠంగా 45 క్రెడిట్ల దాకా పొందొచ్చు.

టెక్సాస్‌లో 2015లో ఒక చట్టం చేశారు. డిగ్రీ తొలి దశ కోర్సుల విషయంలో ప్రభుత్వ యూనివర్సిటీలు 3 కంటే ఎక్కువ స్కోరు అడగకూడదు. ఎక్కువ అడగాలంటే, తర్వాతి కోర్సులో నెగ్గుకు రావడానికి ఆ స్కోరు అవసరమని ఆధారాలతో తేల్చాలి. దీనికి తోడు అక్కడ 42 క్రెడిట్ల కోర్ కరికులం ఉంది. ఒక ప్రభుత్వ కాలేజీలో ఆ కోర్ మొత్తం పూర్తయినట్టు ట్రాన్‌స్క్రిప్ట్‌పై ముద్ర పడితే, మారిన ప్రభుత్వ యూనివర్సిటీ దాన్ని విడదీయకుండా మొత్తంగా ఒప్పుకోవాలి. అందులో కొంత భాగం ఏపీతో పూర్తయినా సరే.

ఈ చివరి మాట చాలా ముఖ్యం. విడివిడిగా తీసుకెళ్తే ఒక్కో క్రెడిట్‌కీ మళ్లీ పరీక్షే. కట్ట కట్టి తీసుకెళ్తే కట్ట మొత్తం దాటుతుంది. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉంటూ కమ్యూనిటీ కాలేజీ మీదుగా పెద్ద యూనివర్సిటీకి వెళ్లాలనుకునే మన పిల్లలు కోర్‌లో ఒకటి రెండు కోర్సులు మిగిలుండగానే హడావుడిగా మారిపోతే నష్టం అక్కడే. అయితే ఈ కట్ట జనరల్ ఎడ్యుకేషన్ వరకే. మేజర్‌కి కావాల్సిన గణితం, సైన్స్ ప్రీరిక్విజిట్లను డిపార్ట్‌మెంట్ విడిగా చూస్తుంది.

కాలిఫోర్నియా తీరు ఇంకోలా ఉంటుంది. యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వ్యవస్థ, 3 ఆపైన వచ్చిన ఏపీ స్కోర్లకు యూనిట్లు ఇస్తుంది. ఎక్కువ సబ్జెక్టులకు 8 క్వార్టర్ యూనిట్లు, సెమిస్టర్ లెక్కలో 5.3. క్యాలిక్యులస్ ఏబీ, బీసీ రెండూ రాసినా కలిపి 8కి మించవు. కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చేవాళ్లకు కాల్-జీఈటీసీ అనే జనరల్ ఎడ్యుకేషన్ ప్యాకేజీ 2025 నుంచి అమల్లోకి వచ్చింది. దీనిలో కొన్ని విభాగాలను ఏపీ స్కోర్లతో నింపొచ్చు. కానీ ఆ స్కోరు మీ మేజర్‌లో ఏ కోర్సుకు సమానం అన్నది మాత్రం క్యాంపస్, డిపార్ట్‌మెంట్ తేలుస్తాయి. ఒకే స్కోరుకు ఒక క్యాంపస్‌లో ఒక జవాబు, పక్క క్యాంపస్‌లో ఇంకో జవాబు రావొచ్చు.

అన్నట్టు.. క్వార్టర్, సెమిస్టర్ తేడా చూసి కంగారు పడొద్దు. సెమిస్టర్ క్రెడిట్ ఒకటి అంటే క్వార్టర్‌లో ఒకటిన్నర. 120 అక్కడ 180 అవుతుంది, అంతే.

క్లెప్ రాసినవాళ్లు ఇంకాస్త జాగ్రత్త

ఏపీతో పాటు క్లెప్ అనే పరీక్ష కూడా ఉంది. ఇదీ కాలేజ్ బోర్డ్‌దే. దీనికి హైస్కూల్ కోర్సు చదవాల్సిన పని లేదు, ఏ వయసువాళ్లైనా రాయొచ్చు. స్కోరు 20 నుంచి 80 మధ్య ఉంటుంది. సాధారణంగా 50 వస్తే చాలు. డిగ్రీ మధ్యలో ఆపేసి మళ్లీ చదువుతున్నవాళ్లకు, కొలువు చేస్తూ చదివేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

కానీ యూనివర్సిటీ మారేటప్పుడు ఏపీ కంటే క్లెప్‌కే దెబ్బ ఎక్కువ. కాలిఫోర్నియానే తీసుకోండి. కాల్ స్టేట్ యూనివర్సిటీలు క్లెప్‌కి క్రెడిట్ ఇస్తాయి. యూసీ ఇవ్వదు. ఒకే రాష్ట్రం, రెండూ ప్రభుత్వ వ్యవస్థలే! కాల్ స్టేట్‌లో నాలుగు క్లెప్‌లతో 12 క్రెడిట్లు పోగేసి యూసీకి మారిన విద్యార్థికి అక్కడ వాటి విలువ సున్నా.

పెద్ద పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీల దగ్గర ఏపీకీ గ్యారంటీ లేదు. డార్ట్‌మత్ 2018 బ్యాచ్ నుంచి, అంటే 2014లో చేరినవాళ్ల నుంచి, ఏపీకి క్రెడిట్ ఇవ్వడం ఆపేసింది. బ్రౌన్, కాల్‌టెక్ కూడా డిగ్రీ లెక్కలోకి వీటిని తీసుకోవు. పై కోర్సులో కూర్చోబెట్టేందుకు మాత్రం స్కోరు చూసే చోట్లున్నాయి. కోర్సు దాటొచ్చు, క్రెడిట్ మాత్రం రాదన్నమాట.

డార్ట్‌మత్ నిర్ణయం వెనక ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. ఏపీ సైకాలజీలో 5 తెచ్చుకున్న విద్యార్థులకు తమ ఇంట్రో కోర్సు ఫైనల్ పరీక్షను కుదించి పెడితే పది మందిలో తొమ్మిది మంది ఫెయిలయ్యారని అక్కడి సైకాలజీ విభాగం చెప్పింది. ఆ ప్రయోగం జరిగిన తీరుపై కాలేజ్ బోర్డ్ అభ్యంతరం చెప్పింది. ఎవరి మాట నిజమన్నది పక్కన పెడితే, యూనివర్సిటీల వాదన ఇదే. పరీక్షలో మార్కు వచ్చినంత మాత్రాన మా కోర్సు చదివినట్టు కాదు.

ఈ వాదనలో కొంత నిజం ఉంది. కొంత సొంత లాభమూ ఉంది. ఒప్పుకోని ప్రతి కోర్సుకీ విద్యార్థి మళ్లీ ఫీజు కడతాడు కదా. చదువు ప్రమాణాల కోసం నిర్ణయం తీసుకునేవాళ్లు, ఆ నిర్ణయం వల్ల ఆదాయం వచ్చేవాళ్లు ఒక్కరే అయినప్పుడు అనుమానం రావడం సహజం. టెక్సాస్ చట్టంలో ఆధారాలు చూపించాలన్న షరతు పెట్టింది బహుశా ఈ అనుమానానికి జవాబుగానే.

జీపీఏలో కనిపించదు.. అడ్మిషన్‌లో తెలిసొస్తుంది

ఏపీ క్రెడిట్‌కి గ్రేడ్ ఉండదు. 5 వచ్చినా అది జీపీఏను ఒక్క పాయింటు కూడా పెంచదు. ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్‌లో మొదట చూసేదేమో కాలేజీ జీపీఏ, మేజర్ సన్నద్ధత.

దీని వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ఏపీతో క్యాలిక్యులస్ 1, 2 దాటేసిన కుర్రాడు మొదటి సెమిస్టర్‌లోనే మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్‌లో కూర్చుంటాడు. కొత్త ఊరు, హాస్టల్ జీవితం, కష్టమైన కోర్సు. సీ గ్రేడ్ వచ్చింది. ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్‌లో కనిపించేది ఆ సీ మాత్రమే. దాటేసిన సులువైన కోర్సులు చదివి ఏ తెచ్చుకున్న పక్క విద్యార్థి జీపీఏ మెరుగ్గా ఉంటుంది. మారే ఆలోచన ముందే ఉన్నవాళ్లు అన్ని కోర్సులూ దాటేయడం మంచిదా అని ఒకసారి ఆలోచించుకోవాలి. ట్రాన్స్‌ఫర్ విద్యార్థిగా అర్హత కోసం అడిగే కనీస క్రెడిట్ల లెక్కలోనూ చాలాచోట్ల పరీక్షతో వచ్చినవి తీసుకోరు. తరగతిలో చదివినవే కావాలి.

ప్రీమెడ్ పిల్లల సంగతి మరీ సున్నితం. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ అర్హతలకు ఏపీ క్రెడిట్ ఒక్కటే చూపిస్తే కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవు. అదే సబ్జెక్టులో పై స్థాయి కోర్సు అడుగుతాయి.

హైస్కూల్లోనే కమ్యూనిటీ కాలేజీ కోర్సు చదివే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ దీనికి భిన్నం. అది కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌పై గ్రేడుతో సహా ఉంటుంది, మారినప్పుడు మామూలు కోర్సులాగే చూస్తారు. రిస్కు కూడా అంతే. పదకొండో తరగతిలో వచ్చిన సీ గ్రేడ్ మెడికల్ స్కూల్ అప్లికేషన్ దాకా వెంటాడుతుంది.

అసలు అమెరికాలో యూనివర్సిటీ మారితే క్రెడిట్లు పోవడం ఏపీ రాసినవాళ్ల సమస్య మాత్రమే కాదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ గావో 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004 నుంచి 2009 మధ్య మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారని అంచనా. తరగతిలో కూర్చుని గ్రేడు తెచ్చుకున్న కోర్సులకే ఈ గతి పడుతుంటే, గ్రేడు లేని పరీక్ష క్రెడిట్‌కి దిక్కెవరు?

ఈ విషయంలో మన దేశంలో ఆలోచన వేరేగా సాగింది. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. ఏ కాలేజీలో సంపాదించిన క్రెడిటైనా విద్యార్థి పేరిట ఒకే ఖాతాలో జమ అవుతుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో డిగ్రీ చదివేవాళ్లకు ఏబీసీ ఐడీ అంటే ఇప్పుడు కొత్తగా చెప్పక్కర్లేదు. డిగ్రీ ఇచ్చే సంస్థలో సగం క్రెడిట్లైనా ఉండాలి, జమైనవి గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి అన్నవి అందులోని షరతులు. ఆచరణలో మన దగ్గర కాలేజీ మారడం ఎంత తేలికో అందరికీ తెలిసిందే. అది వేరే కథ. కానీ అమెరికాలో అందరికీ కలిపి అలాంటి ఉమ్మడి ఖాతా కూడా లేదు. స్కోరు కాలేజ్ బోర్డ్ దగ్గర, పట్టిక యూనివర్సిటీ దగ్గర ఉంటాయి. మధ్యలో పరుగెత్తాల్సింది విద్యార్థే.

డిపాజిట్ కట్టే ముందే అడగాల్సింది

మారే ముందు అడ్మిషన్ ఆఫీసుకు ఫోన్ చేసి చాలామంది అడిగే ప్రశ్న, నా క్రెడిట్లు ఎన్ని తీసుకుంటారు అని. దానికి వచ్చే జవాబుతో ఉపయోగం తక్కువ. నా మేజర్ డిగ్రీ ప్లాన్‌లో ఏ కోర్సు స్థానంలో ఏ ఏపీ క్రెడిట్ వేస్తారు అని అడగాలి. అది కూడా డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ని, ఈమెయిల్‌లో. డిపాజిట్ కట్టాక వచ్చే మూల్యాంకనంతో బేరం ఆడే అవకాశం ఉండదు.

సీటు ఇచ్చాక కానీ పూర్తి లెక్క చెప్పమనే యూనివర్సిటీలు ఉన్నాయి. అలాంటప్పుడు వాళ్ల వెబ్‌సైట్‌లో ఏపీ పట్టిక ఉంటుంది, మీరే లెక్క వేసుకోవచ్చు. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ కోర్సులకైతే అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది, ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో చూపిస్తుంది. పట్టిక చూసేటప్పుడు ఏ సంవత్సరానిదో గమనించండి. కొన్నిచోట్ల పరీక్ష రాసిన ఏడాది పట్టిక, కొన్నిచోట్ల చేరిన ఏడాది పట్టిక వర్తిస్తుంది.

ఇంకో రెండు సంగతులు. ఏపీతో క్రెడిట్ వచ్చిన సబ్జెక్టునే కాలేజీలో మళ్లీ చదివితే రెండుసార్లు క్రెడిట్ రాదు. కొత్త చోట ఏపీకి క్రెడిట్ ఇవ్వరని ముందే తెలిస్తే, ఆ కోర్సు పాత చోట చదివి గ్రేడుతో తీసుకెళ్లడమే మేలు అనిపించొచ్చు. ఆ నిర్ణయం సెమిస్టర్ రిజిస్ట్రేషన్ కంటే ముందే జరగాలి. రెండోది, ఎన్ని క్రెడిట్లు వెంట తీసుకెళ్లినా ఆఖరి 30 వరకు తమ దగ్గరే చదవాలనే రెసిడెన్సీ రూలు చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది. మూడో ఏడాది చివర్లో మారేవాళ్లకు ఇది గట్టిగా తగులుతుంది.

స్కోర్లు పంపే పని మాత్రం వాయిదా వేయొద్దు. ఏపీ రాసిన ఏడాది జూన్ 20లోపు ఒక కాలేజీకి ఉచితంగా పంపించుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ నాటికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది కాబట్టి కాలేజ్ బోర్డ్ ఖాతాలోకి వెళ్లి ఫీజు కట్టి ఆర్డర్ చేయాలి. హైస్కూల్ ఈమెయిల్‌తో ఆ ఖాతా తెరిచినవాళ్లు, స్కూల్ వదిలాక ఆ ఈమెయిల్ మూసేస్తే లాగిన్‌కే తిప్పలు పడతారు. ఈమెయిల్ ఇప్పుడే మార్చుకోండి. క్లెప్ స్కోర్లైతే 20 ఏళ్ల వరకు రికార్డులో ఉంటాయి. రిపోర్ట్ పంపాక కూడా ఆగకండి. కొన్ని యూనివర్సిటీల్లో స్కోరు అందినంత మాత్రాన క్రెడిట్ దానంతటదే పడదు, విద్యార్థి వెళ్లి క్లెయిమ్ చేసుకోవాలి.